రేణు చెప్పని పేరు

శ్రావణ శుక్రవారం. గిరిజ ఇంటి ముందు నిలిపిన కార్లు వీధి చివరి స్టాప్ సైన్ దాకా వెళ్ళాయి. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో వరలక్ష్మీ వ్రతమంటే మాటలా! ఆఫీసుల్లో హాఫ్ డే పెట్టి మరీ పట్టుచీరలు కట్టుకొస్తారు. గిరిజ భర్త శశికాంత్ మగవాళ్ళందర్నీ బేస్‌మెంట్‌లోకి తోలుకెళ్ళి క్రికెట్ ముందు కూర్చోబెట్టాడు. పైన ఇల్లంతా ఆడవాళ్ళ రాజ్యమే.

గిరిజ కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. రేణు ఇంకా రాలేదు.

రేణుది నేపాల్. పన్నెండేళ్ళ కిందట అక్కడి అంతర్యుద్ధంలో ఆమె భర్తని సైన్యం లారీ ఎక్కించి తీసుకుపోయింది. మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. అందుకని రేణు నుదుట బొట్టు, చేతులకి ఎర్రగాజులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటికే గండం వచ్చిపడింది. మొన్న ఏప్రిల్లో ఊరినుంచి మరిది ఫోన్ చేశాడు. పన్నెండేళ్ళు నిండాయి వదినా, ఇంక దర్భలతో బొమ్మ చేసి దహనం చేసెయ్యాలి, ఊళ్ళో ఇలా మనుషులు పోయిన మిగతావాళ్ళు చేసేసుకున్నారు, నువ్వు ఊఁ అనడమే తరువాయి అన్నాడు. రేణు ఊఁ అనలేదు, ఉహుఁ అనీ అనలేదు.

అప్పటినుంచి గిరిజకి మనసు మనసులో లేదు. బొమ్మ కాలిందంటే ఆ పిల్ల గాజులు తీసెయ్యాలి, బొట్టు చెరిపెయ్యాలి. తను ఉండగా అలా జరగనిస్తుందా! ఎవరేమనుకున్నా సరే, ఈ ఏడాది మొదటి తాంబూలం రేణుకే ఇస్తానని భీష్మించుకు కూర్చుంది.

అసలు వాళ్ళ స్నేహం మొదలైందే ఒక పొరపాటుతో. ఆరేళ్ళ కిందట గిరిజ వాళ్ళు ఇంకా అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఆ కాంప్లెక్స్‌లోనే పద్మజక్క ఉండేది. పద్మజక్కది తెనాలి. కొత్తగా ఎవరు దిగినా ఇంటిపేరు, ఊరు, అత్తగారి ఊరు రాబట్టేదాకా ఆవిడకి అన్నం సహించదు. ఒకనాడు ఒక మెయిల్ బాక్స్ మీద ‘ఆర్. చౌదరి’ అని కనపడేసరికి ఆవిడ మొహం చాటంతయింది. “మా వైపు వాళ్ళే” అంటూ డబ్బా నిండా సున్నుండలు పెట్టుకుని, గిరిజని వెంటేసుకుని వెళ్ళి తలుపు కొట్టింది.

“ఏ ఊరమ్మా మీది? గుంటూరా, కృష్ణా?”

తలుపు తీసిన సన్నటి మనిషి బిత్తరపోయి చూసింది. ఆమె వెనక ఏడేళ్ళ పిల్ల. చివరికి గిరిజే తనకొచ్చిన హైదరాబాద్ హిందీలో విషయం తేల్చింది. నేపాల్లో థారూ అనే జాతివాళ్ళు పేరు చివర చౌదరి అని పెట్టుకుంటారట. ఆమె పేరు రేణు. పిల్ల పేరు రేష్మ. వీసా లాటరీలో పేరొస్తే వచ్చారు. ఇండియన్ స్టోర్ వెనక కిచెన్‌లో రొట్టెలు చేస్తుంది. పద్మజక్క నిరాశని సున్నుండలతో సహా అక్కడే వదిలి వచ్చేసింది. గిరిజ మాత్రం ఆగిపోయింది. ఎందుకంటే రేష్మది, తన కూతురు రిషితది ఒకటే క్లాసు, ఒకటే స్కూల్ బస్సు.

కథ మొత్తం ఒక్కసారిగా రాలేదు. ఒకరోజు రొట్టెలు ఒత్తుతూ కొంత, ఇంకోరోజు బస్సు కోసం మంచులో నిలబడి కొంత, అలా చెప్పింది రేణు. బర్దియా జిల్లాలో వాళ్ళ తాతముత్తాతలు మలేరియాకి జడవకుండా అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. తర్వాత దోమల మందు వచ్చింది, జ్వరాలు పోయాయి. జ్వరాలు పోగానే కొండల మీది నుంచి చదువుకున్నవాళ్ళు దిగి, ఆ పొలాలు తమ పేర రాయించుకున్నారు. తమ పొలంలోనే థారూలు తరతరాలు వెట్టి చేశారు. రెండువేల సంవత్సరంలో సర్కారు వెట్టిని రద్దు చేసింది. సంతోషమే, కానీ నిలబడటానికి జానెడు నేల ఇవ్వలేదు. దొరలు గుడిసెల్లోంచి వెళ్ళగొడితే రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టాల కింద కాపురాలు పెట్టారు. అప్పటికే దేశంలో మావోయిస్టుల యుద్ధం నడుస్తోంది. రాత్రి వాళ్ళొచ్చి అన్నం పెట్టమనేవారు. పగలు సైన్యం వచ్చి ఎవరు పెట్టారో చెప్పమనేది.

“మీ పద్మజక్క వైపు చౌదరి అంటే పొలం ఉన్నవాడట కదా దీదీ” అంది రేణు ఒకసారి నవ్వి. “మా వైపు పొలం పోయినవాడు.”

గిరిజది కరీంనగర్ దగ్గర పల్లె. రాత్రి అన్నలు, పొద్దున పోలీసులు అంటే ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ కూడా కుక్క మొరిగితే దీపం ఆర్పేసేది. అందుకే మిగతాది వింటుంటే ఆమె చేతిలో అప్పడాల కర్ర కదల్లేదు.

రేణు భర్త వెట్టివాళ్ళ పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పేవాడు. భూమి ఇప్పించమని అర్జీలు రాసిపెట్టేవాడు. దొరకి కంటగింపైంది. ఆ దొరే సైన్యానికి వేలు పెట్టి చూపించాడు, లారీ వచ్చింది. అప్పుడు మనిషి అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. రెండు మాటలు అడిగి పంపేస్తామన్నారు. వస్తాడు కదా అని రేణు కంచం మీద మూత పెట్టింది. రేష్మకి అప్పటికి ఇంకా మాటలు రాలేదు.

ఆ ఒక్క జిల్లాలోనే రెండువందల మందికి పైగా అలా మాయమయ్యారు. దేశమంతటా పదిహేడు వేల ప్రాణాలు పోయాయి. ఇంటికొచ్చి గూగుల్ చేసి చూసుకుని గిరిజ గుండె బాదుకుంది. పక్క దేశమేనాయె, ఒక్కనాడైనా ఈ సంగతి విన్న గుర్తు లేదు. ఆ రోజుల్లో టీవీలన్నీ అఫ్గానిస్తాన్, ఇరాక్ చూపించడంలో మునిగి ఉన్నాయి.

ఆనాటినుంచి రేణు గాజుల పూచీ గిరిజదే అయిపోయింది. పేరంటమైతే చాలు, రేణు ఉండాల్సిందే. తనే పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఇంత పొడుగు దీవెన చదివేది. ఇంతకీ ఆ భర్త పేరేమిటో మాత్రం గిరిజకి తెలీదు. రేణు ఎప్పుడూ ‘ఆయన’ అనే అనేది. నిరుడు పద్మజక్క కూతురు అంకిత పెళ్ళిలో, ‘నేనూ మా ఆయన ఫలానా వచ్చాం, తలుపు తీయండి’ అని పెళ్ళికూతురితో గుమ్మంలో పేరు చెప్పించారు. ఆ ఊపులో అక్కడున్న ఆడవాళ్ళందరి చేతా చెప్పించారు. గిరిజ “నేనూ, మా శశీ” అని మైకులో చెప్పినంత గట్టిగా అరిచింది. రేణు వంతు వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. అబ్బో, ఎంత సిగ్గో అని అందరూ పడీపడీ నవ్వారు.

సరే, పేరంటం దగ్గరికి వద్దాం. రేణు కూతుర్ని తీసుకుని రానే వచ్చింది. గిరిజ కుంకుమ భరిణె అందుకుంటుంటే పద్మజక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది.

“అది కాదే గిరిజా, పన్నెండేళ్ళు నిండాయంటున్నారు. తెలిసి తెలిసి మొదటి తాంబూలం ఆ పిల్లకేమిటే? వ్రతం కదా, ఏమన్నా అయితే?”

“ఏమైతదక్కా? లక్ష్మీదేవి అలిగి పోతదా?” గిరిజకి చిర్రెత్తుకొచ్చింది. “మనిషి పోయిండని నువ్వు చూసినవా? నేను చూసిన్నా? గాజులు తీసెయ్యమనెటోళ్ళు ముందు ఆ మనిషిని తెచ్చి చూపించమను.”

“తీసెయ్యమని నేనెప్పుడన్నానే తల్లీ! నువ్వింత గొడవ చేస్తే ఆ పిల్లకే ఇబ్బందని...”

గిరిజ వినిపించుకుంటేగా! విసవిసా హాల్లోకి వచ్చింది. అందరికీ వినపడాలనే, కావాలనే గొంతు పెంచింది. రేణు పాదాలకి పసుపు రాసింది, నుదుట రూపాయంత కుంకుమ పెట్టింది. “నిండు నూరేళ్ళు పసుపు కుంకుమలతో చల్లగా ఉండు. మీ ఆయన రేపో మాపో గుమ్మంలోకి వస్తాడు, చూస్తుండు” అని హిందీలో కూడా చెప్పింది.

రేణు మొహంలో రంగు పోయింది. తాంబూలం ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, రేష్మ చెయ్యి పట్టుకుని, పులిహోర కూడా తినకుండా వెళ్ళిపోయింది.

“నీ మాటలు ఆమె చెవిన పడ్డయి” అని గిరిజ పద్మజక్క మీద విరుచుకుపడింది. పద్మజక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ఏడాది వ్రతం అలా తగలడింది.

మర్నాడు పొద్దున్నే గిరిజ డబ్బాల్లో పులిహోర, బూరెలు సర్దుకుని రేణు అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. పద్మజక్క తరఫున క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూర్చుకుంది. రేష్మ తలుపు తీసింది. రేణు వంటింటి గట్టు దగ్గర నిలబడి చద్దన్నం తింటోంది. పక్కన ఇంకా ఆవిరి కక్కుతున్న వేడన్నం గిన్నె ఉంది.

“ఇదేంటి, వేడిది పెట్టుకుని చద్దిది తింటున్నావ్?”

“అది ఆంటీ, మా ఇంట్లో కస్టమ్” అంది రేష్మ, అమెరికా యాసలో. “ఎవ్రీ నైట్ ఒక ప్లేట్ పెట్టి కవర్ చేస్తాం. మార్నింగ్ అమ్మ తింటుంది.”

గిరిజకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. రేణు పిల్లని గదిలోకి పంపేసింది.

“పద్మజక్క మాటలకి బాధపడకు రేణూ. ఆమె నోరే అంత. నేనున్నా కదా, నీ గాజులు ఎవరు తీయిస్తారో చూస్తా.”

“దీదీ” అంది రేణు. “ఆమె కాదు. నువ్వు.”

గిరిజ బిక్కచచ్చిపోయింది.

“నీకు తెలీదని నాకు తెలుసు. నీది మంచి మనసు. అందుకే ఆరేళ్ళు ఏమీ అనలేకపోయాను” అని రేణు ప్లేటు పక్కన పెట్టింది. “లారీ వెళ్ళిన రెండో ఏడు, బారక్స్ నుంచి బతికి బయటపడ్డ ఒకతను మా ఊరొచ్చాడు. ఆయన పోవడం పక్క గదిలోంచి విన్నానన్నాడు. అతను అబద్ధమాడే మనిషి కాదు. నాకు ఆరోజే తెలిసిపోయింది. అత్తగారితో చెప్తే నా నోరు మూసేసింది. శవం చూడందే ఏడిస్తే కొడుక్కి అరిష్టమంది. ఏడవకుండానే ఆవిడా పోయింది. ఇక్కడికొస్తే, ఇక్కడ నువ్వు. ప్రతి శ్రావణంలో, ప్రతి దసరాకీ ఆయన వస్తాడని దీవిస్తావు. నువ్వు దీవించిన రోజు నేను రాత్రి ప్లేటులో ఇంకో గరిటె ఎక్కువ పెడతాను. ఏం చెయ్యను, నువ్వంత గట్టిగా అంటావు మరి. నాకు ఏడవాలని ఉంది దీదీ. పన్నెండేళ్ళుగా ఒక్క పూట కూర్చుని ఏడవనివ్వలేదు ఎవరూ.”

“మరి మీ మరిదికి ఊఁ అని ఎందుకనలేదు?”

“అంటే నీకేం చెప్పను? నా గాజుల కోసం నువ్వు ఊరందరితో పోట్లాడుతున్నావు కదా.”

గిరిజకి భూమిలోకి కుంగిపోయినట్టైంది. ఇంత పెద్ద నోరేసుకుని, ఈ పిల్లకి తను చేసిన మేలు ఇదా! చటుక్కున లేచి రేణుని దగ్గరికి తీసుకుంది. “నన్నేం చెయ్యమంటావ్?” అని అడిగింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారని ఆమెకే తెలిసొచ్చింది.

“మీ గుడి పంతులుగారిని అడుగు. రేష్మ చేత ఆ దహనం చేయిస్తారేమో కనుక్కో. మాలో పద్ధతి వేరే ఉంది, కానీ చేసే గురువా, అంటే మా పూజారి, ఇక్కడెక్కడ దొరుకుతాడు?”

పంతులు శేషగిరి గారు పద్మజక్కకి దూరపు చుట్టం. అంటే ముందు పద్మజక్క కాళ్ళు పట్టుకోవాలి. గిరిజ కార్లోంచే ఫోన్ చేసి, “అక్కా, తప్పు నాదే, తిట్టుకో” అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది.

“పెట్టేసినవా అక్కా?”

“లేదే. వింటున్నా” అంది పద్మజక్క. “ఆ పిల్లని అంకిత పెళ్ళిలో పేరు చెప్పమని ఎంత ఏడిపించానే! ఉండు, శేషగిరికి నేను చెప్తా. దర్భలూ, నువ్వులూ, కొబ్బరికాయా అన్నీ నేను తెస్తా. నువ్వు కంగారుపడి ఏదీ తేకు.”

పై ఆదివారం పొద్దున గిరిజ వాళ్ళ బ్యాక్‌యార్డ్‌లో, ఫైర్ పిట్ పక్కన, శేషగిరి గారు దర్భలు కట్టి బొమ్మ చేశారు. తలకి కొబ్బరికాయ పెట్టారు. ఆడపిల్ల చెయ్యొచ్చా అని శశికాంత్ నసిగితే, “తండ్రికి కూతురు చెయ్యకపోతే ఎవరు చేస్తారండీ, మీరు చేస్తారా?” అని పంతులుగారు ఒక్క మాటతో నోరు మూయించారు. పొగ చూసి ఫెన్స్ అవతలి ముసలాయన బార్బెక్యూ అనుకున్నాడో ఏమో, చెయ్యి ఊపాడు. శశికాంత్ వెళ్ళి ఏదో చెప్పాడు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

“గోత్రం?” అన్నారు శేషగిరి గారు. రేష్మ తల్లివైపు చూసింది. “తెలియకపోతే కాశ్యపమని చెప్తాను, ఫరవాలేదు. పేరు మాత్రం కావాలమ్మా. పేరు లేకపోతే ఇది ఆయనకి చేరదు.”

రేష్మ నోరు తెరవబోయింది. రేణు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“నేను చెప్తాను” అంది.

గిరిజకి పెళ్ళిలో ఆ కొంగు, ఆ పరుగు కళ్ళముందు మెదిలాయి. అది సిగ్గు కాదు. బతికున్న భర్త పేరు భార్య నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. ఆయన లేడని మనసుకి తెలిసినా ఆ కాస్త ఆయుష్షు తన నోటితో తుంచెయ్యలేక పన్నెండేళ్ళు పెదాలు బిగించుకుని బతికింది.

“బుధిరాం” అంది రేణు. మొదటిసారి గాలిగానే వచ్చింది. మళ్ళీ అంది. “బుధిరాం చౌదరి.”

ఇంక అంతే. గొంతులో ఎక్కడో ఇరుక్కున్నదంతా ఊడి వచ్చింది. నేలమీద కూర్చుని, పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. రేష్మ ఏడుస్తూనే నిప్పు పెట్టింది. గిరిజ ఊరుకోబెట్టడానికి ముందుకు వెళ్ళబోతే పద్మజక్క ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

“ఏడవనీ” అంది.

నిప్పు తగ్గాక రేణు లేచింది. గాజులు పగలగొట్టించుకుంటుందేమోనని గిరిజ భయపడింది. రేణు కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు రాసుకుని, ఒక్కొక్కటే చక్కగా తీసి కొంగులో మూటగట్టింది. “ఇవి ఆయన కొన్న రంగు. ఆయనకే ఇచ్చేస్తాను” అంది. మర్నాడు హ్యూరాన్ నదిలో బూడిదతో పాటు వదిలారు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి అద్దం ముందు కాసేపు నిలబడి, కూతురి స్టికర్ల ప్యాకెట్‌లోంచి చిన్నది తీసి తనే పెట్టుకుంది.

“గాజులు ఆయనవి. బొట్టు పుట్టినప్పటి నుంచీ నాదే” అంది.

ఆ ఆదివారం స్నానం చేసి, గిరిజ వండిన వేడన్నం పప్పుతో రెండుసార్లు వడ్డించుకుని తిని, సోఫాలోనే ఒరిగి రేణు నిద్రపోయింది. ఎంత నిద్రో! పక్కన వాక్యూమ్ వేసినా కదల్లేదు. సాయంత్రం లేచేసరికి మొహం తేటగా ఉంది. లేచిన దగ్గర్నుంచీ మాటలే మాటలు. బుధిరామ్‌కి ఈత రాదట, అయినా పెళ్ళిచూపులకి వచ్చేటప్పుడు నది ఈదుకుని వచ్చానని కోతలు కోశాడట. లెక్కల్లో దిట్ట కానీ కూరలో ఉప్పు ఎప్పుడూ రెండుసార్లు వేసేవాడట. రేష్మ కళ్ళు విప్పార్చుకుని, “రియల్లీ? డాడ్ డిడ్ దట్?” అని అడుగుతూనే ఉంది. పదమూడేళ్ళ పిల్ల తండ్రి గురించి నవ్వుతూ వినడం అదే మొదటిసారి. గిరిజకి వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. ఆరేళ్ళుగా మోసుకు తిరిగిన బరువేదో దిగింది. అది తనది కూడా కాదు, పిచ్చి మొహం, ఎవరూ మొయ్యమనలేదు.

దసరాకి గిరిజ బొమ్మలకొలువు పెట్టింది. ఈసారి రేణుకి ఫోన్ చేసి, “రావాలనుంటేనే రా, పసుపు కుంకుమా నీ ఇష్టం” అని ముందే చెప్పింది. చెప్పిందన్న మాటే కానీ, వస్తుందో రాదోనని పొద్దుటి నుంచీ కిటికీ దగ్గరికి తిరుగుతూనే ఉంది. రిషిత నవ్వింది.

“అమ్మా, రిలాక్స్. రేష్మ టెక్స్ట్ చేసింది, వస్తున్నారు. వాళ్ళమ్మ ఇప్పుడు నైట్ ప్లేట్ పెట్టట్లేదంట.”

బెల్ మోగింది. గిరిజ కంటే ముందు పద్మజక్క పరిగెత్తి తలుపు ఓరగా తీసి, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. బయట రేణు. పసుపుపచ్చ చీర, చిన్న బొట్టు, చేతులకి ఏమీ లేవు. పద్మజక్కకి ఈ వయసులో ఈ సరదా ఏమిటి ఖర్మ, పెళ్ళిలో ఏడిపించింది చాలలేదా, మళ్ళీ మొదలుపెట్టిందా అనుకుని గిరిజ నోరు తెరవబోయింది.

“పేరు చెప్తేనే లోపలికి” అంది పద్మజక్క, వచ్చీ రాని హిందీలో. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

రేణు ఒక్క క్షణం ఆమెని చూసింది. తర్వాత నవ్వి, తల ఎత్తి, వీధి చివరి దాకా వినపడేలా తెలుగులో చెప్పింది. ఎప్పుడు నేర్చుకుందో ఏమో!

“నేనూ, మా బుధిరామూ వచ్చాం. తలుపు తీయండి.”

పద్మజక్క తలుపు బార్లా తీసి, ఇద్దరు పట్టేంత పక్కకి జరిగింది.